బేస్ గిటారు కొన్నాం, ఇక ఆంప్ సంగతేమిటి?

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు వెళ్తున్న సమయంలో ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి నిలబడ్డారు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. అది వాళ్లబ్బాయి రాసిన జాబితా. 300 వాట్ల ఆంప్ ఒకటి, పెడల్స్ అయిదు, వాటిని పెట్టుకునే బోర్డు, ఇంకా ఏవేవో. "అన్నగారూ, పత్తి అమ్మిన డబ్బు చేతిలో ఉంది. ఎరువుల కొట్టులో బాకీ కూడా ఉంది. వీటిలో ఏది లేకపోతే వాయించడం కుదరదో అది చెప్పండి. మిగతావి వచ్చే ఏడు చూసుకుంటాం" అన్నారు.

చాలా తెలివైన ప్రశ్న. చాలామంది యౌవనస్థులు ఈ ప్రశ్న వేసుకోకుండానే కొట్టుకు వెళ్తారు. పాతికేళ్లుగా సంఘ కూడికల్లోనూ, సువార్త సభల్లోనూ బేస్ వాయిస్తూ, కొన్నిసార్లు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతులు కొన్ని ఆయనకు చెప్పాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా బేస్ గిటారుకు వేరే ఆంప్ ఎందుకో తెలియాలి. మామూలు గిటారులో లావు తీగను మీటితే అది సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్‌లో లావు తీగ సుమారు 41 సార్లే. అయిదు తీగల బేస్ అయితే 31 వరకూ దిగుతుంది. అంత మందరమైన ధ్వని పుట్టాలంటే స్పీకరు కోన్ చాలా దూరం ముందుకూ వెనక్కూ కదలాలి, చాలా గాలిని నెట్టాలి. పైగా మన చెవి సన్నని స్వరాన్ని పట్టినంత సులువుగా మందర స్వరాన్ని పట్టదు. అందుకే గిటారుకు 50 వాట్లు సరిపోయిన చోట బేస్‌కు 200, 300 కావలసి వస్తుంది.

ఇది తెలియక నేను చేసిన పని చెబుతాను. కొత్తగా వాయిస్తున్న రోజుల్లో ఒక ఊళ్లో రాత్రి కూడిక. ఆ సంఘ పెద్ద ఒకాయన తన కుమారుని చిన్న కీబోర్డు ఆంప్ ప్రేమతో ఇచ్చారు. మొదటి పాటకు బేస్ వినబడలేదు. వాల్యూం పెంచాను. రెండో పాటకు ఇంకా పెంచాను. మూడో పాట పల్లవిలో 'బర్ర్' మని శబ్దం వచ్చి ఆగిపోయింది. స్పీకరు కోన్ చిరిగింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. రెండు నెలలు డబ్బు కూడబెట్టి స్పీకరు మార్పించి ఇచ్చాను.

వాట్ల లెక్కలో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. 100 వాట్ల ఆంప్ కన్నా 200 వాట్లది రెండింతలు గట్టిగా వినబడుతుందనుకుంటారు. అలా జరగదు. వాట్లు రెట్టింపు అయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలుగా తోచాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి వాట్ల అంకె ఒక్కటే చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. స్పీకరు ఎంత పెద్దది, పెట్టె ఎంత గట్టిది అన్నవి కూడా అంతే ముఖ్యం.

ఈ వాద్యానికి చరిత్ర కూడా పెద్దగా లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే గిటారును అమ్మకానికి తెచ్చాడు. అంతకుముందు మనిషంత ఎత్తుండే డబుల్ బేస్‌ను మోసుకు తిరిగేవారు. విచిత్రమేమంటే ఫెండర్‌కు స్వయంగా గిటారు వాయించడం రాదు! వాద్యం చిన్నదయింది గాని దాని ఆంప్ మాత్రం పెద్దదవుతూ వచ్చింది. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే 300 వాట్ల వాల్వుల ఆంప్ తయారుచేసింది. దానికి 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టె జత. ఆ పెట్టె ఒక్కటే 60 కిలోలు దాటుతుంది. నలుగురు మోస్తే గాని వ్యాను ఎక్కదు. మన అబ్బాయిలు వీడియోల్లో చూసి ముచ్చటపడేది దాన్నే. ఇప్పుడు క్లాస్ డి అనే పద్ధతి వచ్చాక 500 వాట్ల ఆంప్ హెడ్‌ను ఒక చేత్తో పట్టుకుని బస్సు ఎక్కవచ్చు.

ఇక మీరు ఎక్కడ వాయిస్తారన్నది తేల్చుకోండి. ఇంట్లో సాధనకూ, గృహ కూడికలకూ 25 నుంచి 40 వాట్లు ధారాళంగా సరిపోతుంది. డ్రమ్స్ కూడా ఉన్న గ్రామ మందిరంలో నూటయాభై మంది పాడుతుంటే కనీసం 100 వాట్లు, 12 అంగుళాల స్పీకరు ఉండాలి. ఫెండర్ రంబుల్ 100 వంటివి ఈ కోవలోవే. ఇక బయలు ప్రదేశంలో పందిరి వేసి జరిపే సభలంటారా, అక్కడ మీరు కొనగలిగిన ఏ ఆంప్ కూడా చాలదు. అక్కడ ధ్వని మైక్‌సెట్టు వాళ్ల పెద్ద బేస్ బాక్సుల్లో నుంచే రావాలి. మీ ఆంప్ పని మీకూ, డ్రమ్స్ వాయించే తమ్ముడికీ వినబడడం వరకే.

అందుకే ఆ తండ్రికి నేను జాబితాలో లేని వస్తువును మొదట చెప్పాను. డీఐ బాక్సు. అరచేతిలో ఇమిడే పెట్టె. గిటారు తీగను అందులో గుచ్చితే అవతల మూడు పిన్నుల మైకు వైరు ద్వారా శబ్దం మిక్సరుకు శుభ్రంగా వెళ్తుంది. ఇది లేకుండా గిటారు వైరునే పొడుగు చేసి మిక్సరు దాకా లాగితే మధ్యలో గురగుర, ట్యూబులైట్ల జుమ్ముమనే శబ్దం చేరతాయి. ధ్వనిలో పదును కూడా పోతుంది. కొన్ని డీఐ పెట్టెల్లో స్వరాన్ని దిద్దుకునే నాబ్‌లు కూడా ఉంటాయి. టెక్ 21 కంపెనీ వారి సాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ 1990ల నుంచీ ఈ పనికి పేరు పొందింది. దాని తరహాలో బెరింగర్ వంటి కంపెనీలవి తక్కువ ధరలో దొరుకుతాయి. సభల్లో వాయించేవారికి ఆంప్ కన్నా ఇదే ముందు అవసరమని నా అభిప్రాయం. చాలా మంది ఒప్పుకోరు. వాళ్లకు సొంత వ్యాను ఉండి ఉంటుంది.

పెడల్స్ దగ్గరికి వస్తే కాస్త మనసు నిబ్బరం చేసుకోవాలి. మంచి కంపెనీ పెడల్ ఒక్కదాని డబ్బుతో మన సంతలో ఒక మేక వస్తుంది. అయిదు పెడల్స్ అంటే అయిదు మేకలు. అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థ పాటలకు 1960లలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఈ వాద్యానికే గురువని అందరూ ఒప్పుకుంటారు. ఆయన పెడల్స్ మీద ఆధారపడలేదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. తీగలు కూడా అరుదుగా మార్చేవాడు. ఆ స్టూడియోలో గిటార్లను నేరుగా రికార్డింగు యంత్రాంగానికే కలిపేవారు. డీఐ పద్ధతి అంటే అదే కదా.

అయినా ఒక పెడల్ తప్పనిసరి. అది ట్యూనరు. ఎండలో పందిరి కింద తీగలు సడలుతాయి, రాత్రి చలికి బిగుస్తాయి. పాటకూ పాటకూ మధ్య మైకులో వినబడకుండా శృతి చేసుకోవడానికి కాలి కింద ట్యూనరు ఉండాలి. దాన్ని నొక్కితే శబ్దం ఆగిపోతుంది. అయ్యగారు ప్రార్థన చేస్తున్నప్పుడు 'టుంగ్ టుంగ్' మని శృతి చేసే బేస్ గిటారును మించిన ఆటంకం లేదు. డబ్బు లేకపోతే గిటారు తలకు తగిలించే క్లిప్ ట్యూనరు చాలా చవక.

తర్వాతది కంప్రెసర్. గట్టిగా మీటిన స్వరాన్ని తగ్గించి, మెల్లగా మీటినదాన్ని పైకి తెచ్చి సమానం చేస్తుంది. వేళ్లు ఇంకా కుదరని వారికి ఇది ఊతకర్ర వంటిది. అయితే ఊతకర్రతోనే నడక అలవాటైతే వేళ్లు ఎప్పటికీ కుదరవు. ఓవర్‌డ్రైవ్ కొనేటప్పుడు బ్లెండ్ అనే నాబ్ ఉన్నదే చూడండి. గిటారు కోసం చేసిన ఓవర్‌డ్రైవ్‌లో బేస్ గుచ్చితే అడుగున ఉండే బరువు మాయమవుతుంది. బ్లెండ్ ఉంటే అసలు ధ్వనిని పక్కనే కలిపి ఉంచుకోవచ్చు. కోరస్, ఆక్టేవ్ వంటివి ఒకటి రెండు నెమ్మది పాటలకు అందంగా ఉంటాయి. అంతకు మించి అవసరం పడదు. రకరకాలు ఒకేచోట రుచి చూడాలనుకుంటే జూమ్ లేదా బాస్ (ఇది కంపెనీ పేరు, వాద్యం పేరు కాదు) వారి మల్టీ ఎఫెక్ట్స్ ఒకటి కొంటే ట్యూనరుతో సహా అన్నీ అందులోనే వస్తాయి. ఆ అబ్బాయి జాబితాలోని అయిదింటికీ అది చాలు.

ఒక రహస్యం చెప్పనా? మన పాటల్లో బేస్ స్పష్టంగా వినబడకపోవడానికి సగం కారణం కీబోర్డు వాయించేవారి ఎడమచెయ్యి. వారు అడుగు స్వరాలు గట్టిగా పట్టుకుని ఉంటే మీరు ఎన్ని పెడల్స్ తొక్కినా రెండూ కలిసి బురద అవుతాయి. ఎడమచేతిని కాస్త పైకి జరపమని ప్రేమగా అడగండి. పైసా ఖర్చు లేదు.

పెడల్స్‌కు కరెంటు ఇచ్చే అడాప్టరు విషయంలో జాగ్రత్త. చాలా పెడల్స్‌కు 9 వోల్టులు కావాలి. పిన్ను మధ్యభాగం నెగెటివ్‌గా ఉండాలి. ఇంట్లో ఉన్న ఇతర అడాప్టర్లు చాలావరకు దానికి తిరకాసుగా ఉంటాయి. పిన్ను పట్టింది కదా అని గుచ్చితే పెడల్ కాలిపోవచ్చు. బ్యాటరీతో నడిపేవారు వాయించడం అయిపోగానే గిటారు వైరు పెడల్‌లో నుంచి తీసెయ్యాలి. వైరు గుచ్చి ఉన్నంతసేపూ లోపల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అలాగే అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఆంప్ ఉంటే వెనుక వైపు రాసినది చదవండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనకు 230. 120 అని మాత్రమే ఉంటే తగిన ట్రాన్స్‌ఫార్మరు లేకుండా మన ప్లగ్గులో పెట్టకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. తల్లిదండ్రులు తప్పక చదవాలి. గిటారు తీగలు లోపల వైరు ద్వారా ఆంప్ ఇనుప చట్రానికి కలిసి ఉంటాయి. ఆ చట్రం ప్లగ్గులోని మూడో పిన్ను ద్వారా, అంటే ఎర్తు ద్వారా, భూమికి కలవాలి. మన పొలాల్లో, వీధుల్లో వేసే స్టేజీల దగ్గర రెండు రంధ్రాల బోర్డులే ఉంటాయి. కుర్రవాళ్లు ఎర్తు పిన్ను విరిచేసి గుచ్చేస్తారు. కొందరు జుమ్ముమనే శబ్దం పోవడానికని కావాలనే తీసేస్తారు. ఆ ఆంప్‌లో ఏ చిన్న లోపం వచ్చినా చట్రానికీ, తీగలకూ కరెంటు వస్తుంది. ఒక చేత్తో తీగలు పట్టుకుని, పెదవులు ఇనుప మైకుకు తగిలాయంటే కరెంటు ఒంట్లో నుంచి పోతుంది. మైకులో లోపం ఉన్నా అంతే. 1972 మే నెలలో ఇంగ్లండు పక్కనున్న వేల్స్ దేశంలో, స్వాన్సీ పట్టణంలో, లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు ఎర్తు లేని మైకును ముట్టుకుని స్టేజి మీదే మరణించాడు. పెద్ద పట్టణంలో, పేరున్న బృందంలో అలా జరిగింది. మంచు పడిన గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి వాయించే మన పిల్లల సంగతి ఆలోచించండి.

కాబట్టి ఎర్తు పిన్ను ఎప్పుడూ విరవకండి. ఆంప్, పెడల్స్, మిక్సరు అన్నీ ఒకే లైను నుంచి తీసుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చి పెట్టిన బోర్డు ఒకటి సంఘానికి చేయించి పెట్టుకుంటే ఏ ఊరికైనా తీసుకెళ్లవచ్చు. ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. జనరేటరు అయితే ఎర్తు కడ్డీ పాతారో లేదో చూడండి. వాయించే ముందు తీగలకూ, మైకుకూ టెస్టరు పెట్టి చూడడం అయిదు నిమిషాల పని. టెస్టరు వెలిగితే ఎవరేమన్నా సరే, వాయించకండి. జుమ్ము శబ్దం పోవాలంటే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్చి ఉంటుంది. అది శబ్దం వైరులోని కలయికను మాత్రమే విడదీస్తుంది. కరెంటు ఎర్తును ముట్టుకోదు, కనుక ప్రమాదం లేదు.

హెడ్ వేరుగా, స్పీకరు పెట్టె వేరుగా కొనేవారికి ఇంకో మాట. ఆ రెంటినీ కలపడానికి గిటారు వైరు వాడకూడదు, వేడెక్కిపోతుంది. లావుపాటి స్పీకరు వైరే వాడాలి. 8 ఓంల పెట్టెలు రెండు కలిపితే 4 ఓంలు అవుతుంది. హెడ్ మీద కనీసం 4 అని రాసి ఉంటే మూడో పెట్టె తగిలించకండి.

వాల్యూం సంగతి కూడా. స్టేజి ముందు చాపల మీద కూర్చునేది చిన్నపిల్లలు. 85 డెసిబెల్స్ దాటిన శబ్దం గంటల తరబడి వింటే వినికిడి దెబ్బతింటుంది. బాక్సులను వాళ్ల తలల ఎత్తులో, వాళ్ల మొహాల ఎదురుగా పెట్టకండి. శబ్ద కాలుష్య నియంత్రణకు 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడుస్పీకర్లు వాడకూడదన్న సంగతి సభల కమిటీ పెద్దలకు తెలిసినదే.

ఆ తండ్రీకొడుకులు చివరకు కొన్నవి ఇవి: డీఐ బాక్సు ఒకటి, మంచి వైర్లు రెండు, క్లిప్ ట్యూనరు, పట్నంలో వాడిన 100 వాట్ల ఆంప్ ఒకటి. ఆంప్ కొనేముందు మా అబ్బాయిని వెంట తీసుకెళ్లి, లావు తీగ మీద అరగంట వాయించి, పెట్టె వణకడం లేదని చూసుకుని మరీ తెచ్చారు. ఎరువుల కొట్టు బాకీ కూడా తీరింది. మొన్న ఫోను చేసి, ఆంప్‌ను మందిరం వెనుక గదిలో పెడితే ఎలుకలు వైరు కొరికాయని చెప్పారు. ఇంటికి తెచ్చి ధాన్యం బస్తాలకు దూరంగా, బల్ల మీద పెట్టుకోమన్నాను.