బలం కాదు, ఇరుసు చూడండి: పదో పిన్ను ఎందుకు పడదు?

ఈరోజు ఎపిసోడ్ ఒకే ఒక్క పిన్ను గురించి. దాని వల్ల మా ఆఫీసు టీం ఫైనల్లో ఓడిపోయింది. దాన్ని ఎట్లయినా పడగొట్టాలని మొండికేసి, మణికట్టు వాపు తెచ్చుకుని పది రోజులు మౌస్ కూడా పట్టుకోలేకపోయా. మీకు అట్ల కాకూడదని ఈ వీడియో.

మాది సంజామల. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల పోయే రైలు ఎక్కితే దార్లో మా స్టేషన్ వస్తుంది. మా ఊర్లో బౌలింగ్ అంటే క్రికెట్టే. టెన్నిస్ బాల్‌తో లెగ్ స్పిన్ వేసేవాణ్ణి, మణికట్టు బాగా తిప్పుతాడని పేరుండేది. పది పిన్నుల బౌలింగ్ చూసింది మాత్రం హైదరాబాద్‌కి ఉద్యోగానికి వచ్చాకే. మొదటి రోజే అనుకున్నా, "ఇంత పెద్ద బంతి, బ్యాట్స్‌మన్ లేడు, ఇదేం కష్టం?" అని.

ఫైనల్లో చివరి ఫ్రేము నాది. స్ట్రైక్ పడితే కప్పు మాదే. బంతి సరిగ్గా పాకెట్‌లో తగిలింది, అంటే ఒకటో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్యన. టపటపా తొమ్మిది పడ్డాయి. కుడి మూలన పదో పిన్ను కదల్లేదు. రెండో బంతికి అది కూడా తప్పిపోయింది. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

నేనేం అనుకున్నానంటే, బలం చాలలేదని. మరుసటి వారం నుంచి ఇంకా గట్టిగా, ఇంకా తిప్పి వేయడం మొదలుపెట్టా. పదో పిన్ను ముందుకన్నా ఎక్కువసార్లు నిలబడింది. మణికట్టు వాచింది.

అప్పుడు అక్కడ నేర్పించే పెద్దాయన ఒకాయన పిలిచి, "బాబూ, బంతి వాపస్ వచ్చింది గదా, దాని మీద నూనె గీత చూసినవా?" అన్నాడు. చూస్తే నిజంగానే గుండ్రటి గీత ఉంది, చిన్నది, గాజు అంత. "నువ్వు బంతి దొర్లిస్తలేవు, బొంగరం తిప్పుతున్నవ్" అన్నాడు.

ఆ మాటలోనే మొత్తం విషయం ఉంది. వివరంగా చెప్తా.

ఇరుసు అంటే ఏంది?

ఎద్దుల బండి చక్రానికి ఇరుసు ఉంటుంది కదా. తిరిగే ప్రతి బంతికీ లోపల అట్లాంటిదే, కంటికి కనపడని ఇరుసు ఒకటి ఉంటుంది. దాన్నే యాక్సిస్ అంటారు. బండి ఇరుసులాగా నేలకు సమంగా పడుకుని ఉంటే టిల్ట్ సున్నా డిగ్రీలు. బొంగరం మేకులాగా నిటారుగా నిలబడితే 90 డిగ్రీలు. మనం వేసే బంతులన్నీ ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటాయి.

దీన్ని యాక్సిస్ రొటేషన్‌తో కలపొద్దు. రొటేషన్ అంటే ఇరుసు కుడి ఎడమలకు ఎంత మళ్ళింది అని. టిల్ట్ అంటే పైకి ఎంత లేచింది అని.

ఇప్పుడు బొంగరం గుర్తు తెచ్చుకోండి. నిటారుగా తిరిగినంతసేపు ఒకే చోట ఉంటుంది. ఎంత వేగంగా తిరిగినా నేలను పట్టుకోదు. వేగం తగ్గి పక్కకి పడ్డాకే దొర్లుకుంటూ పోతుంది. బౌలింగ్ బంతి కూడా అంతే. నిటారు ఇరుసు మీద తిరిగే తిరుగుడు లేన్‌ని పట్టుకోవడానికి పనికిరాదు. టిల్ట్ ఎక్కువైతే బంతి ఎక్కువ దూరం జారుతుంది, ఆలస్యంగా మలుపు తీసుకుంటుంది.

క్రికెట్ ఆడేవాళ్ళకి ఇంకో మాట. బంతి బొంగరంలాగా నిటారు ఇరుసు మీద తిరిగితే గాల్లో పక్కకు జరుగుతుంది కానీ, పిచ్ మీద పడ్డాక పెద్దగా తిరగదు. సూత్రం అదే.

గీత చూసి కొలవొచ్చు

లేన్ మీద ముందు భాగంలో నూనె పూసి ఉంటుంది. బంతి ఏ చుట్టు మీద దొర్లిందో ఆ చుట్టూ నూనె అంటుకుంటుంది. బంతి అడ్డంగా సుమారు 8.5 అంగుళాలు. టిల్ట్ సున్నా అయితే గీత కూడా అంతే వెడల్పు వస్తుంది. 30 డిగ్రీలైతే ఏడుంపావు అంగుళాలు దాటుతుంది. 60 డిగ్రీలైతే సగం, అంటే నాలుగుంపావు. నా గీత గాజంత ఉందంటే ఎంత నిటారుగా తిప్పుతున్నానో మీరే లెక్కేసుకోండి.

మరి పిన్నుల సంగతి?

ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను 60 అడుగులు. అంత దూరంలో బంతి మూడు పనులు చేయాలి: జారాలి, మలుపు తిరగాలి, తర్వాత దొర్లాలి. మలుపు పూర్తయి దొర్లడం మొదలయ్యాక పిన్నులకు తగిలితేనే దెబ్బ బలంగా ఉంటుంది.

ఆశ్చర్యం ఏంటంటే, కుడిచేతి వాళ్ళ మంచి స్ట్రైక్‌లో బంతి తాకేది నాలుగు పిన్నులనే: ఒకటి, మూడు, ఐదు, తొమ్మిది. మిగతా ఆరింటినీ పిన్నులే పడగొట్టుకుంటాయి. ఒకటి రెండుని, రెండు నాలుగుని, నాలుగు ఏడుని. అటువైపు మూడు ఆరుని, ఆరు పదిని. ఐదు ఎనిమిదిని.

ఇదంతా జరగాలంటే బంతి పాకెట్‌లోకి కొంచెం ఏటవాలుగా దూరాలి. 6 డిగ్రీల కోణం మంచిదంటారు. నేరుగా వేసే బంతికి 2 డిగ్రీలు కూడా రాదు, అందుకే మలుపు కావాలి.

నా బంతి ఏం చేసిందంటే, టిల్ట్ ఎక్కువై చివరిదాకా జారుకుంటూ పోయింది. మలుపు పూర్తికాక ముందే పిన్నులకు తగిలింది. కోణం చాలక కుడివైపు తేలిపోయింది. దాంతో ఆరో పిన్ను పదోదాన్ని కొట్టకుండా, పక్కన గట్టర్‌లో నీరసంగా పడిపోయింది. నేను ఇంకా గట్టిగా వేసినప్పుడు, బంతికి మలుపు తిరిగే టైం ఇంకా తగ్గింది. అంటే నా బలమే నాకు అడ్డం పడింది.

అట్లని టిల్ట్ సున్నాకి దించేస్తే గొప్పా? కాదు. నూనె తక్కువున్న లేన్ మీద అట్లాంటి బంతి తొందరగా దొర్లిపోయి, పిన్నుల దాకా వచ్చేసరికి ఊపు పోగొట్టుకుంటుంది. ఎక్కువ టిల్ట్ కూడా తప్పేం కాదు. తైవాన్ నుంచి పుట్టిన స్పిన్నర్ పద్ధతిలో 10, 11 పౌండ్ల తేలిక బంతిని కావాలనే బొంగరంలా తిప్పుతారు. వాళ్ళు ఒకటో పిన్నుని కొట్టే తీరే వేరు, పిన్నులు ఒకదాన్నొకటి పడేసుకుంటాయి. నేను 14 పౌండ్ల బంతితో, తెలియకుండా ఆ పని చేస్తున్నా. తేడా అదీ.

నేను మార్చుకున్నవి

నా తప్పు లెగ్ స్పిన్ అలవాటులో ఉంది. వదిలేటప్పుడు మోచెయ్యి బయటికి పోయేది, చెయ్యి బంతి మీదికి ఎక్కేది. అప్పుడే ఇరుసు పైకి లేస్తుంది.

ఇప్పుడు మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచుతా. వేళ్ళు బంతి వెనకాల, కొంచెం కిందగా ఉండాలి. బొటనవేలు ముందు బయటికి రావాలి, తర్వాత మిగతా రెండు వేళ్ళు. చివర్లో చెయ్యి ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు ఆగాలి. మొదట పరుగు లేకుండా, ఒక్క అడుగుతో నెమ్మదిగా ప్రాక్టీస్ చేయండి. వెనక నుంచి ఫ్రెండ్‌తో స్లో మోషన్ తీయించుకోండి. మోచెయ్యి ఎక్కడుందో ఫోన్ దాచిపెట్టదు. మణికట్టు నొప్పి పెడితే ఆ రోజుకి ఆపేయండి, నాలాగా మొండికేయొద్దు.

ఒక నిజం కూడా చెప్పాలి. అక్కడిచ్చే అద్దె బంతులు ఎక్కువగా నున్నటి ప్లాస్టిక్‌వి, అవి మలుపు తక్కువే తిరుగుతాయి. టిల్ట్ సరిచేస్తే అన్నీ స్ట్రైక్‌లే అని నేను చెప్పను. పదో పిన్ను నాకు ఇప్పటికీ నిలబడుతుంది. కాకపోతే ఇప్పుడు కోపంతో రెండో బంతి విసరను. బంతి తిరిగొచ్చేదాకా ఆగి, ముందు దాని మీద గీత చూస్తా.

ఈసారి మీరు మాల్‌కి పోయినప్పుడు అదే చేయండి. గట్టిగా వేసే ముందు, గీత ఎంతుందో చూడండి. ఉంటా మరి.