కరెంటు లేకపోతే బ్రేకు ఉంటుందా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది పనిచెయ్యకపోతే ఏమవుతుంది?" పాత టూరింగ్ బైకు కొనేటప్పుడు బ్రేకుల గురించి కూడా ఇదే అడగాలి. ముఖ్యంగా బీఎండబ్ల్యూ 2001లో తెచ్చిన ‘ఇంటెగ్రల్ ఏబీఎస్’ ఉన్న బైకుల విషయంలో.

మామూలు ఏబీఎస్ సంగతి మీకు తెలిసిందే. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోయి బైకు జారకుండా, ఒత్తిడిని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అది చెడిపోయినా మామూలు బ్రేకు మిగులుతుంది. ఇంటెగ్రల్ ఏబీఎస్ అలా కాదు. ఇందులో మీ చేతి ఒత్తిడి నేరుగా చక్రానికి చేరదు. హ్యాండిల్ దగ్గరి ఆయిలు ట్యాంకు కింద ఉన్న యూనిట్ దాకా వెళ్ళి ఆగుతుంది. అక్కడ ఎలక్ట్రిక్ పంపులు ఆ ఒత్తిడిని పెంచి, వేరే ఆయిలు ద్వారా చక్రాలకి పంపుతాయి. అందుకే రెండు వేళ్ళతో పట్టుకున్నా అంత బరువైన బైకు టక్కున ఆగుతుంది!

మరి కరెంటు లేకపోతే? బ్రేకు పూర్తిగా పోదు గానీ, బలం చాలా తగ్గిపోతుంది. లీవరుని మామూలు కన్నా ఎన్నో రెట్లు గట్టిగా నొక్కాలి. తాళం తీసేసి బైకుని వాలులో కిందికి దింపేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ మధ్య ఒక మిత్రుడితో కలిసి 2004 నాటి ఆర్ 1150 ఆర్‌టీ చూడడానికి వెళ్ళాను. "బ్రేకు ఆయిలు మార్చిన రసీదులన్నీ ఉన్నాయిరా" అన్నాడు సంతోషంగా. తీరా చూస్తే, అవన్నీ హ్యాండిల్ దగ్గరి ఆయిలువే. చక్రాల వైపు ఆయిలు మార్చాలంటే ట్యాంకు ఎత్తాలి, ప్రత్యేకమైన గరాటు కావాలి. అందుకే చాలామంది ఆ పని వదిలేస్తారు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే లోపలి భాగాలు తుప్పు పడతాయి. యూనిట్ చెడిపోతే, మార్చే ఖర్చు పాత బైకు ధరతో పోటీ పడుతుంది. మావాడు ఆ బైకు వదులుకున్నాడు.

అలాంటి బైకు చూడబోతే ఇలా చెయ్యండి. ముందు తాళం వెయ్యకుండా, చదునైన చోట బైకుని నెట్టి బ్రేకు పట్టి చూడండి. ఎంత బలం కావాలో మీ చేతికే తెలుస్తుంది. తర్వాత లీవరు, పెడలు ముట్టుకోకుండా తాళం తిప్పి, సెల్ఫ్ టెస్టు పూర్తికానివ్వండి. అప్పుడు బ్రేకు పడితే పంపు గుయ్యిమనాలి. బైకు కదిలాక హెచ్చరిక దీపాలు ఆరిపోవాలి. ఆరకపోతే, "బ్యాటరీ వీకండీ, అంతే" అన్న మాట నమ్మకండి. ఈ బైకులో బ్యాటరీ కూడా బ్రేకులో భాగమే!

2006-07 ప్రాంతంలో బీఎండబ్ల్యూ ఈ పంపుల పద్ధతి మానేసి, సర్వో అవసరం లేని ఏబీఎస్‌కి మారింది. కాబట్టి అమ్మేవాళ్ళని "ఏబీఎస్ ఉందా?" అని అడిగితే సరిపోదు. "ఏ సంవత్సరంది? చక్రాల వైపు ఆయిలు ఎప్పుడు మార్చారు?" అని కూడా అడగండి.