హవల్దారుగారి బయోడేటా

జంటనగరములకు సైన్యము క్రొత్తది కాదు. సికిందరాబాదును పాతవారు నేటికిని లష్కర్ అనియే పిలుతురు. గోల్కొండ వద్ద ఆర్టిలరీ సెంటరు, తిరుమలగిరి ప్రాంతమున ఇ.ఎం.ఇ. వారి శిక్షణ సంస్థలు ఉన్నవి. కనుక మన విద్యార్థులలో కొందరి ఇండ్లలోనైనను సైన్యమునుండి తిరిగివచ్చిన తండ్రియో, పినతండ్రియో, మేనమామయో ఉండుట సహజము. ఆయన ఉద్యోగపు దరఖాస్తు వ్రాయు పని సాధారణముగా ఇంటిలో చదువుకొన్న పిల్లలమీదనే పడును. ఈ నాలుగు మాటలు ముఖ్యముగా ఆ పిల్లల కొరకు.

సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేండ్ల సేవ ముగించి ఇల్లు చేరునప్పటికి నలుబది ఏండ్లయినను నిండవు. పిల్లలు బడిలోనే ఉందురు. పింఛను వచ్చును గాని, ఇంకను ఇరువది ఏండ్లు పనిచేయగల శరీరము, చేయవలసిన సంసారము ఆయనకు ఉన్నవి. అట్టివానికి మొదట ఎదురగు ఉద్యోగము ఏది? ఏ బ్యాంకు ద్వారమువద్దనో, అపార్టుమెంటు గేటువద్దనో కాపలా. ఆ పనిని చులకన చేయుట మా ఉద్దేశము కాదు. కాని వందలాది యంత్రభాగములకు పైసా తేడా లేకుండ లెక్క చూపినవాడును, కొండదారులలో లారీల వరుసను నడిపించినవాడును, వైర్‌లెస్ యంత్రమును మరమ్మతు చేసినవాడును అందరును ఆ ఒక్క గేటు వద్దకే చేరుచున్నారనిన, అందుకు గల కారణములలో ఒకటి వారు చేతపట్టుకొని తిరుగు కాగితమే.

ఆ కాగితము తెరచి చూడుడు. పేరు, ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిటు, సేవాకాలము, పతకములు, చివరకు ‘క్యారెక్టర్: ఎగ్జెంప్లరీ’ అనుమాట. ఇవన్నియు డిశ్చార్జి పుస్తకము నుండి ఎత్తి వ్రాసినవి. సైన్యములో ఈ మాటలకు ఎంతో అర్థమున్నది. ఫ్యాక్టరీ మేనేజరుకు మాత్రము వాటిలో ఒక్కటియు పలుకదు. హవల్దారు అనగా ఆయన పోలీసు జవాను అనుకొనును. నాయక్ అనునది ఇంటిపేరనియు భ్రమపడవచ్చును.

ఇచ్చట మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఒక మాట. సుబేదారు, హవల్దారు, సిపాయి అను పేర్లన్నియు ఫార్సీ మార్గమున ఉర్దూలోనికి, అటనుండి తెలుగులోనికి వచ్చినవే. 1965 వరకు నాయబ్ సుబేదారును జమాదారు అనెడివారు. వీనిలో హవల్దారు అను మాటను విడదీసి చూడుడు. ‘హవాలా’ అనగా అప్పగింత. ‘దార్’ అనగా కలవాడు. ఏదో ఒకటి ఎవని చేతికి అప్పగింపబడినదో వాడు హవల్దారు. బయోడేటాలో ఉండవలసినదియు అదియే: ఆయనకు అప్పగించినది ఏమి? ఎంత? ఎన్ని దినములు? తిరిగి అప్పగించినప్పుడు అది ఏ స్థితిలో ఉన్నది? ర్యాంకు పేరు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పదు. ర్యాంకును ఆంగ్లములోనికి మార్చి ‘సూపర్‌వైజర్’ అని వ్రాసినను చెప్పదు.

ఒక ఉదాహరణము చూపెదము. ‘కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారుగా మూడేండ్లు పనిచేసితిని’ అని ఒకరు వ్రాసిరనుకొనుడు. అదే సేవను ఇట్లు వ్రాయవచ్చును: ‘నూట ఇరువది మందికి రేషను, దుస్తులు, పడక సామాను, గుడారములు పంపిణీ చేసి, ప్రతి వస్తువుకు లెడ్జరు వ్రాసితిని. మూడు సంవత్సరముల తనిఖీలలో లోటు రాలేదు. నా క్రింద నలుగురు పనిచేసిరి.’ ఇది చదివిన గిడ్డంగి యజమాని తనకు కావలసిన స్టోర్‌కీపరు దొరికినాడని వెంటనే గ్రహించును. అంకెలు మాత్రము ఆయన సొంతవే కావలెను. ఊహించి వ్రాసిన అంకె ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే కూలిపోవును.

కొన్ని ట్రేడులకు ఈ శ్రమ తక్కువ. వాహన మెకానిక్కు, ఎలక్ట్రీషియను, గుమాస్తా పనులకు బయట అవే పేర్లున్నవి. ఆర్టిలరీలో టెక్నికల్ అసిస్టెంటుగా ఉన్నవాడు పటము చదివి, కోణములు, దూరములు గణించినవాడు. సర్వే పనులవైపు చూడవచ్చును. కష్టమంతయు పదాతిదళపు సైనికునిది. రైఫిలుకు బజారులో సమానమైన పనిముట్టు లేదు కదా! కాని సెక్షను కమాండరు పదిమందికి డ్యూటీలు వేసినాడు, క్రొత్తవారికి పని నేర్పినాడు, ఫైరింగు రేంజిలో ఎవరికిని గాయము కాకుండ భద్రతా నియమములు అమలు జరిపినాడు. ఇవి ఏ కర్మాగారములోనైనను కావలసిన పనులే.

చిక్కేమనగా, ఈ సంగతులు ఆయన తనంతట తాను చెప్పడు. ‘నాన్నగారూ, సైన్యములో మీరేమి చేసేవారు?’ అని అడిగినచో ‘డ్యూటీ చేసినాను బేటా’ అను జవాబే వచ్చును. అందుచేత ప్రశ్నను మార్చి అడుగవలెను. ‘మీరు సెలవుమీద ఇంటికి వచ్చునప్పుడు ఏమేమి అప్పగించి, ఎవరిచేత సంతకము పెట్టించుకొని వచ్చేవారు?’ అని అడుగుడు. సైన్యములో చార్జి అప్పగింతకు పట్టిక ఉండును. తాళములు, రిజిస్టర్లు, వాహనములు, మనుష్యులు — ఆ పట్టికను ఆయన కన్నులు మూసికొని చెప్పగలడు. దానిని వ్రాసికొన్నచో బయోడేటాలో సగము పూర్తియైనట్లే.

మూడు మాటలను మాత్రము కొట్టివేయుడు: క్రమశిక్షణ, నాయకత్వము, కష్టపడు స్వభావము. ప్రతి మాజీ సైనికుని దరఖాస్తులోను ఇవి ఉండును గనుక ఏ ఒక్కరికిని ఉపకరింపవు. లేని అర్హతను తగిలించుటయు కూడదు. నర్సింగు అసిస్టెంటు ఎంత అనుభవశాలియైనను నర్సింగు కౌన్సిలులో నమోదు లేనిదే నర్సునని వ్రాయరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సైన్యపు వాహనములు నడుపుటకు ఇచ్చిన లైసెన్సు బయటి వాహనములకు చెల్లదు. సేవలో ఉండగనే పౌర లైసెన్సు తీసికొనుట మేలు. సరిహద్దులో యూనిటు ఉన్న తావు, ఆయుధముల సంఖ్య, రహస్య పరికరముల వివరములు వ్రాయనే కూడదు. 1923 నాటి అధికార రహస్యముల చట్టము ఉద్యోగ విరమణతో వదలిపోవునది కాదు.

ఇంతవరకు చెప్పినది ప్రైవేటు ఉద్యోగముల సంగతి. ప్రభుత్వోద్యోగమునకు దీనికి విరుద్ధముగా నడువవలెను. అచ్చట దరఖాస్తును పరిశీలించు గుమాస్తా నిబంధనలోని మాటకోసమే వెదకును గనుక ర్యాంకు, ట్రేడు, సేవాకాలము డిశ్చార్జి పుస్తకములో ఉన్నది ఉన్నట్లే దింపవలెను. కేంద్ర ప్రభుత్వపు గ్రూప్-సి ఉద్యోగములలో మాజీ సైనికులకు 10 శాతము, ప్రభుత్వ రంగ బ్యాంకులలో అదే స్థాయిలో 14.5 శాతము రిజర్వేషను కలదు. 1986 నాటి ఉత్తర్వు ప్రకారము మెట్రిక్ చదివి 15 ఏండ్ల సేవ చేసినవారిని, సాంకేతికానుభవము అవసరము లేని కొన్ని గ్రూప్-సి రిజర్వుడు స్థానములకు పట్టభద్రులతోపాటు పరిగణింపవచ్చును. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టనివారు కలరు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములో పేరు నమోదు చేయించుట మొదటి పని. అన్నట్లు, మన విద్యార్థులు పేర్లు వ్రాయించుకొను ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి వ్యవస్థయు రెండవ ప్రపంచ యుద్ధము ముగియు వేళ, 1945లో, విడుదలైన సైనికులకు పని చూపుటకై ఏర్పడినదే. 1948లో గాని దాని తలుపులు అందరికిని తెరువబడలేదు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకముతో ఈ సమస్య మన విద్యార్థుల వయస్సువారి వద్దకే వచ్చినది. అగ్నివీరుని సేవ నాలుగేండ్లు. వారిలో నాలుగవ వంతుకు మించకుండ మాత్రమే శాశ్వత సేవకు తీసికొందురు. మిగిలినవారు చిన్న వయస్సులోనే, పింఛను లేకుండ, బయోడేటా వ్రాసికొనవలసినవారు. చేరదలచిన విద్యార్థి మొదటి నెలనుండియే ఒక చిన్న నోటుబుక్కులో తాను నేర్చిన యంత్రము, పొందిన శిక్షణ, తనకప్పగించిన బాధ్యత తేదీలతో వ్రాసి పెట్టుకొనవలెను. రహస్యమైనది మాత్రము వ్రాయరాదు.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. నెలకొక ఆదివారము ఒక గది తెరచి, ఉర్దూ, తెలుగు, ఆంగ్లము మూడును వ్రాయగల మన విద్యార్థులను ఇద్దరు ముగ్గురిని కూర్చుండబెట్టినచో, చుట్టుప్రక్కల బస్తీలలోని మాజీ సైనికులు తమ డిశ్చార్జి పుస్తకములతో వచ్చి దరఖాస్తులు వ్రాయించుకొనగలరు. కావలసినది ఒక టైపు తెలిసిన కుర్రవాడు, ఒక కంప్యూటరు, కొంత కాగితము.