వాడని వస్తువును విడుచుట – దానధర్మము



ఫాల్గుణ బహుళ అమావాస్యను మన అనకాపల్లి ప్రాంతమున కొత్త అమావాస్య యందురు. శ్రీ నూకాంబికా అమ్మవారి జాతరకు అది ముఖ్యదినము. మరునాడు ఉగాది. ఈ పర్వములకు ముందు ఇల్లు కడిగి, గోడలకు సున్నము వేసి, అటకల మీది సామగ్రిని క్రిందికి దింపుట పెద్దల నాటి అలవాటు. అట్లు దింపిన గంగాళములను, బిందెలను, ఊయలను, పరుపులను, ట్రంకుపెట్టెలోని బట్టలను దులిపి, తుడిచి, తిరిగి అటక మీదికే చేర్చుచుందుము. పది సంవత్సరములుగా ఎవరును ముట్టని వస్తువు మరియొక సంవత్సరము అక్కడనే ఉండును. "ఎప్పుడైనను పనికి వచ్చును" అను మాట యొక్కటి దానికి కాపలా కాయుచుండును. అట్టి వస్తువును ఎట్లు విడువవలెను, ఎట్లు ఇచ్చినచో అది దానమగును, ఎట్లు ఇచ్చినచో కాకపోవును అను సంగతులను ఇచట విచారింతము.

మనది ఎంత?

శ్రీమద్భాగవతము సప్తమ స్కంధమున నారద మహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మములను బోధించును. అందొక కఠినమైన మాట కలదు. ప్రాణికి కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే హక్కు, అంతకు మించినది తనదని తలచువాడు దొంగ వంటివాడు అని దాని భావము. ఈ మాట సన్న్యాసికి చెప్పినది కాదు. ఇల్లు, వాకిలి, సంసారము గల గృహస్థునకు చెప్పినది.

అంతమాత్రమున దాచుకొనుటయే దోషమని భ్రమపడరాదు. రైతు విత్తనములు దాచును. తల్లి కూతురి పెండ్లికి పట్టుచీర దాచును. వీనికి ప్రయోజనము తెలిసియున్నది, కాలము తెలిసియున్నది. ఏ ప్రయోజనమును లేక, కేవలము విడువ మనసొప్పక పట్టుకొనియున్న వస్తువు విషయమే వేరు. పతంజలి మహర్షి ఐదు యమములలో కడపటిదిగా చెప్పిన అపరిగ్రహము ఈ పట్టును సడలించుటకే యని మేము తలంతుము.

బెల్లము మన ఊరికి పేరు తెచ్చిన సరకు. దిమ్మ ఎంత గట్టిగా నున్నను, వానకాలపు చెమ్మ తగిలినచో నీరు కారి రంగు చెడునని ఇచటి వర్తకులకు ఒకరు చెప్పనక్కరలేదు. మత్స్యపురాణమున చెప్పబడిన పదివిధములైన ధేనుదానములలో మొదటిది గుడధేనువు. అనగా బెల్లమును ఆవు రూపముగ కూర్చి దానమిచ్చుట. కొట్టులో ఉంచి మరచినచో కారిపోవు ద్రవ్యమే, సకాలమున చేయి మారినచో గోదానముతో సాటి యగుచున్నది. ద్రవ్యము ఒక్కటే, భేదము కాలమునందున్నది.

ఊరికి సమీపమున శంకరము గ్రామము కడ బొజ్జన్నకొండ కలదు. సంఘారామము అను పేరే వాడుకలో శంకరమైనదని చరిత్రకారులు చెప్పుదురు. అట్టి ఆరామములలో నివసించిన బౌద్ధ భిక్షువులకు వినయ నియమముల ప్రకారము మూడు చీవరములు, భిక్షాపాత్ర, నడికట్టు, క్షురకత్తి, సూది, నీటిని వడగట్టు సాధనము అను ఎనిమిది వస్తువులు మాత్రమే స్వంతము. అధికముగా లభించిన వస్త్రమును పది దినములకు మించి తనయొద్ద ఉంచుకొనరాదు. మార్గము వేరైనను ఈ నియమమునుండి మనము నేర్వదగినది కలదు. భిక్షువునకు పది దినముల గడువు ఉన్నప్పుడు, గృహస్థునకు పది సంవత్సరముల గడువైనను ఉండవలదా?

దానమనగా నేమి?

యాగమునందు యజమానుడు దేవతను ఉద్దేశించి ద్రవ్యమును విడుచుచు "న మమ" అని పలుకును. నాది కాదు అని యర్థము. దానమునకు ఇంతమాత్రము చాలదు. వస్తువుపై తన స్వత్వము తొలగిపోవలెను, పుచ్చుకొనువాని స్వత్వము ఏర్పడవలెను అని శాస్త్రకారులు నిర్ణయించిరి. మొదటిది ఇచ్చువాని చేతిలో నున్నది. రెండవది పుచ్చుకొనువాడు మనఃపూర్వకముగ స్వీకరించిననే సిద్ధించును.

దీనినుండి మూడు సంగతులు తేలుచున్నవి. వీధిలో పారవేసినది దానము కాదు. అది ఒకరిని విడిచినది గాని మరియొకరిని చేరలేదు. ఇచ్చిన పిమ్మట "మా మంచమును ఎట్లు వాడుచున్నారు?" అని విచారించువాడు మంచమును పంపెనే గాని విడువలేదు. ఇక ఇతరుల సొత్తును ఇచ్చుటకు మనకు అధికారము లేదు. నృగ మహారాజు ఒక విప్రునకు ఇచ్చిన గోవు తిరిగి తన మందలో కలిసిపోగా, తెలియక దానినే వేరొకరికి దానము చేసి, ఊసరవెల్లి జన్మమెత్తెనని భాగవత దశమ స్కంధము చెప్పుచున్నది. ఇంటిలో కోడలి చీరను గాని, కుమారుని పుస్తకములను గాని వారిని అడుగకయే ఇచ్చివేయుట పుణ్యకార్యమని తలచు పెద్దలు ఈ కథను స్మరింపవలెను.

నచికేతుని సందేహము

కఠోపనిషత్తు ఒక దానముతోనే మొదలగుచున్నది. వాజశ్రవసుడు తన సర్వస్వమును దక్షిణగ ఇచ్చు యజ్ఞము చేయుచు గోవులను తోలించుచున్నాడు. అవి నీరు త్రాగుట, మేత మేయుట ముగిసినవి, పాలు పిదుకుట ముగిసినవి, ఇక ఈనజాలనివి. బాలుడైన నచికేతుడు వానిని చూచెను. ఇట్టివి ఇచ్చువాడు ఆనందము లేని లోకములకు పోవునని వానికి తోచెను. అపుడే "తండ్రీ, నన్నెవరికి ఇత్తువు?" అని అడుగసాగెను. తండ్రి తనకు పనికిరానిదానిని విడుచుచు దానికి దానమని పేరు పెట్టుచున్నాడని బాలుడు గుర్తించెను.

వాడని వస్తువు వేరు, పనికిరాని వస్తువు వేరు. ఈ భేదమే మన విచారమునకు ప్రాణము. మనకు అక్కర తీరినను ఇంకను పని చేయునది దానమునకు యోగ్యము. ఎవరికిని పనికిరానిది చెత్త. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చిన పిదప తమిళనాడు తీరమునకు దేశము నలుమూలలనుండి పాతబట్టలు చేరెను. వానిలో చాలవానిని పుచ్చుకొనువారు లేక, అవి దారుల ప్రక్కన గుట్టలుగ పడియుండెను. సర్వస్వమును కోల్పోయినవానికిని అభిమానము మిగిలియుండునని పంపినవారిలో అనేకులు తలంపరైరి.

మన తెలుగునాటనే మరియొక నిదర్శనము కలదు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేని దళిత కుటుంబములు ఆచార్య వినోబా భావేను 80 ఎకరములు కోరగా, ఆ ఊరి భూస్వామి శ్రీ వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. భూదానోద్యమము అచ్చట పుట్టెను. ఆ గ్రామము నేడు భూదాన్ పోచంపల్లి యని పిలువబడుచున్నది. అనంతరము దేశమంతట లక్షల ఎకరములు దానముగ వచ్చెను. కాని వానిలో చాలభాగము సాగునకు పనికిరాని నేల, లేదా తగవులలో చిక్కిన నేల. పోచంపల్లిలో అడిగినదానికంటె ఎక్కువ ఇచ్చిన చేయి ఒకటి. నచికేతుని తండ్రివలె వట్టిపోయిన ఆవును తోలిన చేతులు మరికొన్ని.

ఎట్లు ఇవ్వవలెను?

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లియందు గురువు చదువు ముగించిన శిష్యునకు చెప్పు హితవులో దానవిధి కలదు. శ్రద్ధతో ఇమ్మని, శ్రద్ధ లేక ఇవ్వవలదని, సిగ్గుతోను, భయముతోను, వివేకముతోను ఇమ్మని దాని తాత్పర్యము. సిగ్గు ఇచ్చువానికి చెప్పబడెను, పుచ్చుకొనువానికి కాదు. అవమానించి ఇచ్చునది తామస దానమని గీతాచార్యుడును పదునేడవ అధ్యాయమున హెచ్చరించెను.

కావున వస్త్రమైనచో ఉతికి, చిరుగు కుట్టి, మడతపెట్టి ఇవ్వవలెను. ఇత్తడి పాత్రకు మాటు వేయించి, తోమించి ఇవ్వవలెను. ముందుగా "మీకు అక్కర యున్నదా?" అని అడుగవలెను, వలదన్నచో నొచ్చుకొనరాదు. పెద్దలు వాడిన చేతికర్రను, చక్రముల కుర్చీని మోకాళ్లు పట్టినవారి ఇంటికి, ఎదిగిన పిల్లల ఊయలను పురిటి ఇంటికి చేర్చవలెను. భోగి మంటలో పిడకలు, ఎండుకట్టెలు, పూర్తిగ శిథిలమైన కర్ర వేయుదురు గాక. ఒక మేకు కొట్టినచో నిలుచు బల్లను మంటలో వేయుట, ఒక విద్యార్థికి దక్కవలసినదానిని బూడిద చేయుటయే.

మరియొక మనవి. కొన్ని ఇండ్లలో తాతముత్తాతల తాళపత్ర గ్రంథములు నేటికిని అటకల మీద నున్నవి. చదువువారు లేరని వానిని నదిలో కలుపవలదు. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర ఇట్టి ప్రతులను వెదకి సేకరించినందుననే ఎన్నియో తెలుగు కావ్యములు నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నిలిచియున్నవి. చెదలకు ఆహారమగు గ్రంథమును అట్టి భాండాగారమునకు అర్పించుట విద్యాదానమే.

రఘువంశము ఐదవ సర్గలో కాళిదాస మహాకవి చెప్పిన వృత్తాంతము తెలియనివారుండరు. విశ్వజిద్యాగమున సర్వస్వమును ఇచ్చి మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చిన రఘుమహారాజు కడకు కౌత్సుడు గురుదక్షిణకై పదునాలుగు కోట్లు అర్థించి వచ్చెను. కుబేరుడు కురిపించిన సువర్ణమునంతను తీసికొమ్మని రాజు కోరెను. గురువునకు ఈయవలసినదానికి మించి తాకనని కౌత్సుడు పలికెను. సాకేతపురవాసులు ఆ ఇరువురిని సమానముగ కొనియాడిరి. ఇచ్చువాని చేయి విశాలము, పుచ్చుకొనువాని కోరిక పరిమితము అయినప్పుడు ఆ ధనము ఇరువురిని బంధింపలేదు.

రాబోవు కొత్త అమావాస్యకు అటకనుండి దింపిన వస్తువులలో ఒక్కటియైనను తిరిగి పైకెక్కక, తగినవారి ఇంటికి చేరునట్లు భక్తులందరు సంకల్పించెదరు గాక. అందరికిని శ్రీ నూకాంబికా అమ్మవారి కటాక్షము కలుగుగాక.

ఇతి శమ్.