కొండచిలువకు చనువు తెలియదు

చలి ముదిరాక కె.కోటపాడు, చోడవరం చుట్టుపక్కల చెరకు నరుకుడు మొదలవుతుంది. కత్తులతో మొదళ్లు నరుక్కుంటూ సాగే కూలీల వరస ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎండపొడ పడిన చోట గోధుమరంగు మచ్చల చుట్ట ఒకటి కనిపిస్తుంది. ఎంతసేపు చూసినా కదలదు. ఎలుకల కోసం తోటలో చేరి, ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి బయటికొచ్చిన కొండచిలువ అది. ముందు కేకలు, తర్వాత కర్రలు, ఆ వెనకే సెల్‌ఫోన్లు.

పల్లెలో కర్ర ఎత్తించే ఈ జీవినే నగరంలో కొందరు కుర్రాళ్లు మెడలో వేసుకుని వీడియో తీయాలని ఉబలాటపడతారు. భయపడ్డవాళ్లకూ మోజుపడ్డవాళ్లకూ దాని స్వభావం మాత్రం తెలియదు.

పాత తెలుగులో చిలువ అంటేనే పాము. సంస్కృతంలో దీన్ని అజగరం అన్నారు, మేకను మింగేదని అర్థం. భారతం అరణ్యపర్వంలో అగస్త్యుడి శాపంతో నహుషుడు అజగరమై భీముణ్ణి చుట్టేస్తాడు. తన ప్రశ్నలకు ధర్మరాజు జవాబులు చెప్పాక గానీ వదలడు. పట్టు ఎంతో ఓపికా అంతే అని ఆ కథ కట్టినవాళ్లు గమనించే ఉంటారు. కొండచిలువ వెంటాడి వేటాడదు. దారి పక్కన మాటు వేసి రోజుల తరబడి ఎదురుచూస్తుంది. పెదవుల మీది గుంటలు ఎలుక ఒంటి వేడిని చీకట్లోనూ పసిగడతాయి. దానికి విషం లేదు, కండబలమే ఆయుధం.

మనిషి ఎదురైతే దాని మొదటి ఆలోచన తప్పుకోవడమే. దారి దొరక్కపోతే గట్టిగా బుస కొడుతుంది. మెడను వెనక్కి వంచి కొక్కెంలా మడిచిందంటే ఇక కాటుకు సిద్ధమైనట్టే. విషం లేకపోయినా వెనక్కి వంగిన పళ్లు లోతుగా దిగుతాయి. అప్పుడే ఏదైనా మింగి ఉన్న పామును బెదరగొడితే తిన్నది కక్కేసి పారిపోవాలని చూస్తుంది. ఎన్నాళ్లో కాచి పట్టుకున్న తిండి అది. జనం మధ్య కక్కుకుంటున్న కొండచిలువ వీడియోలు చూసి నవ్వేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

పెంపకం లోకంలో పేరున్నది మన కొండచిలువ కాదు, పశ్చిమ ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్. బెదిరితే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది కాబట్టి ఆ పేరు. చేతిలో కదలకుండా ఉంటే ప్రేమగా ఉందనుకుంటారు యజమానులు. చాలాసార్లు అది వట్టి బెదురు. కుదురుగా ఉన్న పాము నాలుక ఆడిస్తూ మెల్లగా పాకుతుంది. కుబుసం విడిచే ముందు కళ్లు పాలనీలంగా మారతాయి, చూపు మందగిస్తుంది, చిరాకు పెరుగుతుంది. అప్పుడు తాకకూడదు. తిన్నాక రెండు రోజులు ఎత్తుకోకూడదు. ఎలుక వాసన ఉన్న చేతిని దగ్గరికి తీసుకెళితే అది చేతిని చూడదు, ఎలుకనే చూస్తుంది. నెలల తరబడి తిండి మానేయడమూ దానికి మామూలే.

పైగా ఇది ఏడాది రెండేళ్ల ముచ్చట కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్లు దాటిన బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. మోజు తీరాక వదిలేస్తే ఏమవుతుందో ఫ్లోరిడా చెబుతుంది. పెంపుడు జంతువుల వ్యాపారంతో వచ్చిన బర్మీస్ కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవిలో చేరి పెరిగాయి. అక్కడ రకూన్లనే చిన్న జంతువులు కనిపించడం 99 శాతం తగ్గిందని 2012లో పరిశోధకులు లెక్క తేల్చారు.

మన దగ్గర ఈ వ్యాపారం సూట్‌కేసుల్లో దిగుతోంది. 2023 జనవరిలో చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన బ్యాగుల్లో 45 బాల్ పైథాన్లు దొరికాయి. ఊపిరాడని సంచిలో సముద్రం దాటిన జీవి నెమ్మదిగా ఉండాలని కోరుకోవడం అన్యాయం. ఇలాంటి విదేశీ జీవులున్నవాళ్లు పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నిబంధనలు తెచ్చింది.

మన చెరకు తోటల కొండచిలువకైతే నమోదు చేసి ఉంచుకునే వెసులుబాటూ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉంది. చంపినా, పట్టి ఇంట్లో ఉంచుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

చట్టం సంగతి అలా ఉంచితే, తల్లి కొండచిలువను ఒకసారి తలుచుకోవాలి. గుడ్లు పెట్టాక రెండు నెలల దాకా వాటిని చుట్టుకునే ఉంటుంది. చల్లబడితే కండరాలను వణికించి తన ఒంటి వేడిని గుడ్లకు అందిస్తుంది. ఆ రోజుల్లో తిండి దాదాపు ఉండదు.

ఈ సీజన్లో తోటలో చుట్ట కనిపిస్తే కత్తి దించి నాలుగడుగులు వెనక్కి వెళ్లండి. పిల్లల్ని, కుక్కల్ని దూరం పెట్టండి. అటవీశాఖకు కబురు చేసి, వాళ్లు వచ్చేదాకా దాన్ని చుట్టుముట్టకుండా ఒక వైపు దారి వదలండి.