ఖని పక్కనే ఖిల్లా... ఎక్కుదామా?

కొండ ఎక్కాలంటే అరకు పోవాలి, ఘాట్ రోడ్డు మీద సైకిల్ తొక్కాలంటే ఊటీ పోవాలి. కోల్‌బెల్ట్ కుర్రాళ్ల లెక్క చాలావరకు ఇంతే. రామగుండం, గోదావరిఖనిలో పెరిగినోళ్లకు గుట్ట అనగానే కళ్ల ముందు మెదిలేది ఓపెన్‌కాస్టుల పక్కన ఏటేటా ఎత్తు పెరిగే మట్టి కుప్పలే. నిజానికి ఈ ఊరి పేరులోనే గుట్ట ఉంది. రామగుండం పట్టణాన్ని ఆనుకుని ఉన్న గుట్ట మీది రాముని గుండాల వల్లే ఊరికి ఆ పేరొచ్చిందంటారు. అక్కడి నుంచి కాస్త దూరం పోతే రామగిరి ఖిల్లా. గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ మీదుగా బేగంపేట వరకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. బస్సు టికెట్ అక్కర్లేదు, లీవు అక్కర్లేదు. ఒక ఆదివారం పొద్దున చాలు.

కెరీర్ పేజీలో గుట్టల ముచ్చటేంటి అనుకోకండి. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్షతో పాటు నడక పరీక్ష కూడా ఉంటుంది. తెలంగాణ నోటిఫికేషన్‌లో పురుషులకు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలకు అదే 4 గంటల్లో 16 కిలోమీటర్లు అని పెట్టారు. 25 కిలోమీటర్లంటే గంటకు 6.25. ఒక్కో కిలోమీటరు 9 నిమిషాల 36 సెకన్లలో దాటాలి, అలా నాలుగు గంటలు ఆగకుండా. మామూలుగా మనం మార్కెట్‌కు నడిచే వేగం గంటకు నాలుగున్నర, ఐదు కిలోమీటర్లు దాటదు. స్టడీ హాల్లో రోజుకు పది గంటలు కుర్చీకి అతుక్కుపోయి చదివిన మనిషి నోటిఫికేషన్ వచ్చాక నెల రోజుల్లో ఈ వేగం తెచ్చుకోవడం కష్టం. నడకలో ఆగిపోతే రాత పరీక్షలో వచ్చిన మార్కులకు విలువ లేదు. కానిస్టేబుల్ పరుగుకు గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లు ఊరూరా కనిపిస్తారు. ఈ నాలుగు గంటల నడకకు సిద్ధమయ్యేవాళ్లు మాత్రం తక్కువ.

ఇక్కడే గుట్ట పనికొస్తుంది. ఎక్కేటప్పుడు వేగం తక్కువున్నా గుండె గట్టిగా పనిచేస్తుంది, పిక్కలకు, తొడలకు బలమొస్తుంది. సిమెంటు రోడ్డు మీద పరుగెత్తినప్పుడు మోకాళ్ల మీద పడే దెబ్బ ఇక్కడ తక్కువ. దిగేటప్పుడు కథ వేరు. తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి కాబట్టి అసలు నొప్పి మరుసటి రోజు, ఆ తర్వాతి రోజు తెలుస్తుంది. అందుకే పరీక్షకు వారం ముందు గుట్టల జోలికి పోవద్దు. వారానికి ఒక గుట్ట, రెండు రోజులు గడియారం పెట్టుకుని చదును రోడ్డు మీద నడక... మూడు నెలలు ఇట్లా చేసినోళ్లకు ఆ 25 కిలోమీటర్లు భయపెట్టే అంకెలా ఉండదు. కొత్త బూట్లు పరీక్ష రోజున తొడగొద్దని వేరే చెప్పాలా?

పెడల్ మీద లెక్క

బేగంపేట దాకా సైకిల్ మీద పోవడమే సగం మజా. దారి పెద్ద ఎత్తేం కాదు, కాళ్లు వేడెక్కడానికి సరిపోతుంది. ఇంజినీరింగ్ బుర్ర కాబట్టి ఒక లెక్క చెప్తా. 70 కిలోల మనిషి 12 కిలోల సైకిల్‌తో 100 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే దాదాపు 80 కిలోజౌళ్ల పని చేయాలి. మామూలు రైడర్ నిలకడగా 150 వాట్లు ఇవ్వగలడనుకుంటే గాలిని, టైరు రాపిడిని పక్కన పెట్టినా 9 నిమిషాలు పడుతుంది. మన ఎన్టీపీసీలో పాత 200 మెగావాట్ల యూనిట్ ఒక్కదానితో సమానం కావాలంటే ఇలాంటి రైడర్లు 13 లక్షల మందికి పైగా ఒకేసారి తొక్కాలి. బొగ్గుకు అంత డిమాండ్ ఎందుకో పెడల్ మీద కూర్చుంటే బాగా అర్థమవుతుంది.

గేర్ల సైకిల్ ఉంటే వెనక చక్రం దగ్గర పెద్ద పళ్ల చక్రానికి ముందే మార్చుకోండి. ఎత్తు మొదలయ్యాక బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ ఊడుతుంది. ఫోన్ యాప్ చూపించే ఎత్తును మరీ నమ్మకండి. జీపీఎస్ అడ్డంగా చూపించినంత కచ్చితంగా నిలువు ఎత్తు చూపించలేదు. గాలి పీడనం కొలిచే సెన్సార్ ఉన్న వాచీలు కొంత నయం.

కోల్‌బెల్ట్ రోడ్డు మీద అసలు సమస్య ఎత్తు కాదు, టిప్పర్లు. ఫస్ట్ షిఫ్ట్ మొదలయ్యే 7 గంటలకు అటూఇటూ బస్సులు, బైకులు, బొగ్గు బండ్లు అన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి. ఐదున్నరకే బయలుదేరితే ఆ రద్దీ మొదలయ్యేసరికి కాలనీలు దాటేయొచ్చు. హెల్మెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. బొగ్గు పొడి పడ్డ రోడ్డు మంచుకు తడిస్తే జారుతుంది, మలుపులో బ్రేకు గట్టిగా పట్టొద్దు. టిప్పర్ ఎడమ పక్క నుంచి దూరే పని అస్సలు చేయొద్దు. డ్రైవర్‌కు మీరు కనిపించరు.

మట్టి కుప్పల మీదికి వద్దు

ఓపెన్‌కాస్టు తవ్వకంలో బొగ్గు పైనున్న మట్టి, రాయి తీసి పోసేవే ఓబీ డంపులు. కొన్నింటి మీద మొక్కలు నాటారు. దూరం నుంచి చూస్తే పచ్చని కొండల్లా ఉంటాయి, రీల్స్‌కు బాగుంటాయి. కానీ అవి కొండలు కావు. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం ఈ కుప్పల వాలు 37.5 డిగ్రీలు మించకూడదు. రోడ్డు లెక్కలో చెప్పాలంటే అది దాదాపు 77 శాతం ఎత్తు. సైకిళ్లకు పది శాతమే కష్టం. పైగా వదులు మట్టి, వాన పడితే ఎప్పుడు జారుతుందో చెప్పలేం. అది గని ప్రాంతం, అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. దగ్గర్లో బ్లాస్టింగ్ కూడా ఉండొచ్చు. నాన్న అక్కడే డ్యూటీ చేస్తాడు కదా అని పోయేవాళ్లు ఉంటారు. డ్యూటీలో ఆయనకు హెల్మెట్, బూట్లు, ట్రైనింగ్ ఉంటాయి, మీకుండవు.

ఖిల్లా మీద

రామగిరి గుట్ట కింద సైకిల్ పెట్టి నడవాల్సిందే. కాకతీయుల నుంచి బహమనీలు, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీల దాకా చేతులు మారిన కోట ఇది. చెట్ల మధ్య నుంచి ఎక్కుతుంటే ఒక్కో చోట రాతి ద్వారం, కూలిన గోడ, బురుజు ఎదురవుతాయి. ఔషధ మొక్కలకు పేరున్న గుట్ట కాబట్టి బోటనీ, ఆయుర్వేదం చదివే విద్యార్థులు వస్తుంటారు. కాళిదాసు మేఘదూతంలోని రామగిరి ఇదేనని స్థానికులు గర్వంగా చెప్తారు. పండితులు ఎక్కువమంది నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ వైపు మొగ్గుతారు. పైన నిలబడి మబ్బుల్ని చూస్తే మాత్రం మనోళ్ల మాటే నమ్మాలనిపిస్తుంది.

శ్రావణంలో జనం ఎక్కువ, తోడు దొరుకుతుంది, రాళ్లు మాత్రం జారుతాయి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలం ఈ ప్రాంతంలో 45 డిగ్రీలు దాటడం మామూలే, అప్పుడు గుట్ట ఆలోచన మానుకోండి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు మోయాలి, పైన దుకాణాలు ఉంటాయనుకోవద్దు. ఒంటరిగా వద్దు, ఇంట్లో చెప్పి పోండి. రాళ్లకు తేనెపట్లు కనిపిస్తే మాటలు తగ్గించి దూరం జరగండి, పొగ పెట్టడం, రాయి విసరడం లాంటివి వద్దు. ఎలుగుబంట్లు తిరిగే అడవి కాబట్టి పొద్దుగూకక ముందే కిందికి రావాలి. గుప్త నిధుల పేరుతో తవ్వేవాళ్ల వల్ల, గోడల మీద పేర్లు రాసేవాళ్ల వల్ల ఈ కోట ఇప్పటికే నష్టపోయింది. మీ పేరు అక్కడ లేకపోయినా పర్వాలేదు.

దీనికి అలవాటు పడ్డాక గోదావరి దాటి మంచిర్యాల వైపు పోతే మందమర్రి మండలం బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా ఉంది. మాఘమాసంలో అక్కడ నాయక్‌పోడ్‌ల జాతర జరుగుతుంది. పెద్దపల్లి దగ్గరి సబ్బితం జలపాతం వానాకాలం చూడటానికి బాగుంటుంది, తడిసిన బండలు ఎక్కడానికి కాదు.

ఇంకా పైకి పోవాలనుకునేవాళ్లకు దారి ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇద్దరూ గురుకుల విద్యార్థులే. వాళ్ల శిక్షణ మొదలైంది హిమాలయాల్లో కాదు, భువనగిరి బండ మీద. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థ నాలుగు వారాల బేసిక్ కోర్సులు నడుపుతాయి. బ్యాచ్‌లు ముందే నిండుతాయి కాబట్టి వాళ్ల వెబ్‌సైట్‌లో తేదీలు చూసుకుని చాలా నెలల ముందే దరఖాస్తు చేయాలి. సైకిల్ మీద మనసున్నవాళ్లకు బ్రెవెట్ రైడ్లు ఉన్నాయి. మొదటి మెట్టు 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. హైదరాబాద్‌లో ఇవి తరచూ జరుగుతాయి. అంతకుముందు గోదావరిఖని నుంచి బేగంపేట పోయొచ్చే నలభై చిల్లర కిలోమీటర్లు నాలుగైదు ఆదివారాలు తొక్కి చూడండి, సీటు మీద ఎంతసేపు కూర్చోగలరో తెలుస్తుంది.