సర్వరు నాడి

పరీక్షా ఫలితములు వెలువడు నాడు వేలకొలది విద్యార్థులు ఒక్కసారిగా తమ సంఖ్యలను తెలిపి మార్కులను కోరుదురు. ఆ కోరికలను అందుకొని సమాధానము లిచ్చు కంప్యూటరునకు సర్వరు అని పేరు. అది మందగించినచో ఊరూర బాలబాలికలు ఆతురతతో ఎదురు చూడవలసినదే. అట్టి వేళ దానిని కనిపెట్టుకొని యుండువాడు తొందరపడి యంత్రమును ఆపి మరల నడిపింపవచ్చును. లేదా మరింత వేగము గల ప్రాసెసరును కొనవలెనని తలపవచ్చును. కాని మంచి వైద్యుడు నాడి చూడక మందు ఇయ్యడు. సర్వరునకును నాడి కలదు.

సర్వరు పెండ్లివారి వంటశాలను పోలియుండును. ప్రాసెసరు వంటవాడు. మెమరీ అతని చేతి కందు బల్ల. డిస్కు దూరముననున్న ఉగ్రాణము. విందు ఆలస్యమైనప్పుడు వంటవారు చాలలేదా, బల్ల ఇరుకైనదా, ఉగ్రాణము నుండి సరుకు రాలేదా అనునది ముందు తేలవలెను. బల్ల చాలనిచోట మరి పదిమంది వంటవారిని పిలిచినను ప్రయోజనము లేదు.

ఈ పరీక్షకు 'టాప్' అను సాధనము కలదు. ఇది మొదట 1984లో యూనిక్స్ యంత్రముల కొరకు రచింపబడినది. నేడు లినక్స్ యంత్రములందును ఈ పేరు గల సాధనము ఉన్నది. నడచుచున్న ప్రతి ప్రోగ్రాము ప్రాసెసరులో ఎంత పాలు, మెమరీలో ఎంత పాలు తీసికొనుచున్నదో ఇది వరుసగా చూపును. పైవరుసలో గడచిన 1, 5, 15 నిమిషముల సగటు భారమును తెలుపు మూడంకెలుండును. మొదటి అంకె మూడవదానికంటె ఎక్కువైనచో భారము పెరుగుచున్నదనియు, తక్కువైనచో తగ్గుచున్నదనియు గ్రహింపవలెను.

నాలుగు కోర్‌లు గల ప్రాసెసరు నలుగురు వంటవారితో సమానము. భారము 4 అయినచో నలుగురికిని చేతినిండ పని యున్నదని స్థూలముగా చెప్పవచ్చును. ఒకప్పుడు భారము 12 ఉండియు ప్రాసెసరు చాలవరకు ఖాళీగా కనబడును. ఇది వింతగా తోచును. కాని లినక్స్ ఈ లెక్కలో డిస్కు కొరకు నిరీక్షించు పనులను కూడ చేర్చును. అనగా వంటవారు ఊరకున్నారు, సరుకు రాలేదు.

దీనికి తరచుగా కారణము మెమరీ నిండిపోవుటయే. అప్పుడు యంత్రము మెమరీలోని కొంత సమాచారమును డిస్కునకు తరలించి, అవసరమైనప్పుడు మరల తెచ్చుకొనును. మెమరీ నుండి సమాచారము సుమారు 100 నానోసెకండ్లలో అందును. తిరుగుడు డిస్కు నుండి అందుటకు 10 మిల్లీసెకండ్ల వరకు పట్టును. భేదము లక్ష రెట్లు! తరలింపులోనే కాలమంతయు గడచి అసలు పని నిలిచిపోవు ఈ దుస్థితిని పీటర్ డెనింగ్ 1968లోనే విశదీకరించెను.

ఇప్పుడు మెమరీని ఎక్కువగా ఆక్రమించిన ప్రోగ్రామును గుర్తింపవలెను. పని పెరుగకున్నను దాని వాడుక గంట గంటకు పెరుగుచున్నచో, అది తీసికొన్న చోటును తిరిగి విడువకున్నదేమో యని శోధింపవలెను. యంత్రమును ఆపి నడిపించినచో తాత్కాలికముగా ఉపశమనము కలుగును. దోషము మాత్రము అట్లే యుండి కొన్నాళ్లకు మరల తలయెత్తును.

ఒక్కనాటి పరీక్ష చాలదు. యంత్రము చక్కగా నడచు దినములలోని అంకెలను కూడ వ్రాసి యుంచవలెను. ఆరోగ్యవంతుని నాడి నెరిగినవానికే రోగి నాడి తెలియును. ముందు కొలిచి, పిమ్మట కారణమును నిర్ణయించి, ఆ తరువాతనే చికిత్స చేయువాడు ఫలితముల నాడు విద్యార్థులను నిరీక్షింపజేయడు.